అక్క ముఖ దర్శన దిగ్విజయము

ఓ చీకటి తల్లీ, సకల చలనచిత్ర ప్రదర్శనశాలాంతరాళ నివాసినీ, నీవు లేనినాడు తెర యనునది ఉతికి ఆరవేసిన దుప్పటి, ప్రొజెక్టరు ఉత్త వేడిపెట్టె, దర్శకుడు పదిమందిలో ఒక మామూలు మనిషి. అట్టి నిన్ను ఒక్క నిమిషముపాటు కాపాడుటకై ఒకానొక వీరుడు సలిపిన ఘోరసంగ్రామమును, భోజనానంతర నిద్రాభారనేత్రులైన ప్రేక్షకుల యెదుట, చిత్రోత్సవపు మూడవనాటి మధ్యాహ్నమున, పెద్ద హాలునకు వెనుక, మరుగుదొడ్లకు ముందు ఉండు చిన్న హాలునందు జరిగినదానిని జరిగినట్లుగా, జరగనిదానిని రుచికి సరిపడ మాత్రమే కలిపి, చెప్పబూనితిని. వినువారు కుర్చీలు కిర్రుమనిపించక వినుదురు గాక.

ఆ వీరుడెవ్వడందురా? దీర్ఘనిశ్చలచిత్రీకరణధురంధరుడు, అద్దెకెమెరాయుధుడు, నానాచిత్రోత్సవ తిరస్కారసందేశ పరంపరాఘాతములచే రాటుదేలిన గుండెగలవాడు, లోకమునకు స్వతంత్ర దర్శకుడు, ఇంటిలోనివారికి మాత్రము ఉత్త చిన్నోడు. ఆ చిన్నోడు ఏండ్లతరబడి ఒళ్ళు హూనము చేసికొని ఒక సినిమా తీసెను. అందు హీరో లేడు, పాట లేదు, కొట్లాట అసలే లేదు. ఉన్నదెల్ల అతని అక్కగారి కుట్టుకొట్టు, ఆ కొట్టులో ఆమె చేతులు. ప్యాంట్లు పొట్టి చేయు చేతులు, జిప్పులు మార్చు చేతులు, లావెక్కినవారి చొక్కాలను వారి మనసు నొవ్వకుండ వదులు చేయు చేతులు. గంటన్నరసేపు ఆ చేతులే. ముఖము కనపడదు, ఎందుకనగా ముఖము కనపడినచో చేతులను చూచువాడుండడని చిన్నోడి సిద్ధాంతము.

చిట్టచివర ఆ కొట్టులో కరెంటు పోవును. తెర కాటుకవలె నల్లబడును. దృశ్యము లేదు, శబ్దము లేదు, దాదాపు ఒక నిమిషము ఏమియు లేదు. అటుపిమ్మట కరెంటు వచ్చును. రాగానే తెరనిండ అక్క ముఖము. ఆమె తలయెత్తి పకపక నవ్వును. చిత్రీకరణనాడు చీకటిలో లోనికి వచ్చిన బావగారు ఇస్త్రీబల్లకు మోకాలు కొట్టుకొనగా విని నవ్విన నవ్వది, నటన కాదు. మోకాలి చప్పుడును చిన్నోడు తరువాత తీసివేసెను, నవ్వును ఉంచెను. ఆ నవ్వు కొరకే ఆ సినిమా అంతయు తీసెనన్నను తప్పులేదు.

ఐతే పేర్లన్నియు మొదటనే వేసి చివర ఏమియు వేయకుండుటయే కళ యని కూడ అతడు నమ్మెను. చేజేతులా గొయ్యి తవ్వుకొనుట యనగా నిదియే. తెర నల్లబడినదా, సినిమా ఐపోయినదనియే లోకములోని ఆపరేటర్లందరును తలతురు. మొదటి చిత్రోత్సవమున నల్లబడిన వెంటనే దీపములు వెలిగెను, ప్రొజెక్టరు ఆగెను, జనులు కుర్చీల క్రింద చెప్పులు వెదకికొనిరి. రెండవదానియందు యంత్రము చెడెనని ఆపరేటరు క్షమాపణ చెప్పి మరియొకరి సినిమా మొదలుపెట్టెను. మూడవదానియందు చప్పట్లు మ్రోగెను, పూలగుత్తి కూడ ఇచ్చిరి. ఈ మూడింటికిని అక్కగారు కొట్టు మూసి, మంచి బట్టలు కట్టి, నడిమివరుసలో కూర్చుండి, తన ముఖము ఎప్పుడు వచ్చునాయని ఎదురుచూచెను. మూడుమార్లును రాలేదు. తిరిగివచ్చుచు ఆమె "పోనీలేరా, చేతులు బాగానే పడ్డాయిగా" అనెను. ఆ ఓదార్పు చిన్నోడిని తిట్టుకన్న ఎక్కువ నొప్పించెను.

బావగారు లోకజ్ఞానము గలవాడు. ఆయన ఒకనాడు సంధికి యత్నించెను.

"ఆ చీకటేదో రెండు సెకన్లకి తగ్గించెయ్యొచ్చుగా బామ్మర్దీ."

"తగ్గిస్తే చీకటవదు బావా. రెప్ప కొట్టినట్టుంటుంది."

"పోనీ చివర కూడా పేర్లెయ్యి."

"పేర్లేస్తే సినిమా అయిపోయినట్టుంటుంది."

"అయిపోక మరేమవుతుంది?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనువానితో వాదించి గెలిచిన బావలు చరిత్రలో లేరు గనుక బావగారు మోకాలు నిమురుకొనుచు ఊరకుండెను.

ఇది ఇట్లుండగా గోరుచుట్టుపై రోకటిపోటువలె ఒక ప్రశంస వచ్చి పడెను. సిద్ధాంతారణ్యసంచారి, వేసవియందును మఫ్లరు విడువని వ్రతశీలి, పత్రికలవారు కుర్చీ వేసి కూర్చుండబెట్టు మహావిమర్శకుడొకడు ఆ సినిమాను దీపములు వెలిగినంతవరకు చూచి, "శ్రమకు ముఖం లేదన్న కఠోర సత్యాన్ని చివరి ఫ్రేము దాకా ముఖం చూపకుండానే చెప్పిన మహాసాహసం" అని అచ్చువేయించెను. ఆ వ్యాసము చదివిన న్యాయనిర్ణేతలు, ఆయన చూచినంతయే తామును చూచి, ముఖము చూపని సాహసమునకై చిన్నోడికి ఒక గాజుబహుమతి నిచ్చిరి.

ఆ వేదికపై నిలిచి, "అయ్యా, ముఖముంది, మీరే చూడలేదు" అనవలసినవాడు, నోట వెలక్కాయ పడినట్లు నిలిచి, నవ్వి, పుచ్చుకొనెను. ఎన్నేండ్లకో దొరికిన మొదటి బహుమతి, కాదనుటకు నోరు రాలేదు. అందుకతడు సిగ్గుపడెను, నిజముగానే సిగ్గుపడెను, కాని ఇంటికి తెచ్చి టీవీ పక్కనే, వచ్చినవారికి కనపడునట్లే పెట్టుకొనెను. అక్కగారు దానిని కొంగుతో తుడుచుచు అడిగెను.

"ముఖం లేనందుకు బహుమతేంట్రా? ఉందిగా నా ముఖం."

"తర్వాత చెప్తానక్కా."

ఆ తర్వాత రానేలేదు. ఆ బహుమతి పుణ్యమాయని నాలుగవ చిత్రోత్సవమువారు పిలిచిరి. సినిమా ముగియగానే మహావిమర్శకులవారు స్వయముగా ప్రసంగింతురనియు తెలిపిరి. ఇక ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ముఖము కనపడినచో బహుమతి పోవును, కనపడకున్నచో అక్క మరల చేతులతోనే సరిపెట్టుకొనవలెను.

ఆ మధ్యాహ్నము చిన్న హాలు వెలుపల, పోస్టర్లు అంటించిన వరండాలో, అక్కగారు కొత్త కళ్ళజోడు సవరించుకొనుచు మెల్లగా పలికెను.

"ఒరేయ్, ఈసారన్నా కనపడతానంటావా? లేదంటే చెప్పు, ఇక్కడే బెంచీ మీద కూర్చుంటా. లోపల ఏసీ నాకు పడదు."

ఆమెకు ఏసీ పడకపోవుట ఆనాడే మొదలైనదని చిన్నోడెరుగును. ఆ పలుకులు చెవి సోకినంతనే వీరుని హృదయకుహరమున ఈ ప్రతిజ్ఞ ప్రళయకాలమేఘగర్జనవలె మారుమ్రోగెను: "అగ్రజా, వినుము. సూర్యుడే దిగివచ్చి స్విచ్చి నొక్కినను, అష్టదిక్పాలకులు వరుసగా నిలిచి ట్యూబులైట్లు వెలిగించినను, నీ ముఖచంద్రుడు ఉదయించువరకు ఈ హాలునందలి అంధకారమునకు నేనే కోటగోడను. నా బహుమతి బద్దలగుగాక. నా కీర్తి కాకులపాలగుగాక. తమ్ముడనువాడు ఒకడుండి అక్క బెంచీపై కూర్చుండుట కల్ల."

నోటివెంట మాత్రము, "కనపడతావక్కా, లోపల కూర్చో" అని వచ్చెను.

అంతట రాయబారమునకై అతడు ఇనుపమెట్లెక్కి ప్రొజెక్టరు గదికి పోయెను. అందు ఎత్తుపీటపై, చల్లారిన టీ చేతబట్టి, గోడకున్న పెద్ద స్విచ్చికి మూరెడు దూరమున దీపాధీశ్వరుడగు ఆపరేటరు కొలువుదీరియుండెను. చిన్నోడు చేతులు కట్టుకొని చీకటి సంగతి, కరెంటు సంగతి, ముఖము సంగతి సవిస్తరముగా విన్నవించెను. ఆపరేటరు టీ చివరిచుక్క వరకు త్రాగి, గ్లాసు బల్లపై పెట్టి, అప్పుడు నోరు విప్పెను.

"అందరూ ఇట్లాగే చెప్తారు సార్. ఇంకా ఉంది, ఇంకా ఉందంటారు. పోయినసారి ఒకాయన మాటిని చీకట్లో ఉంచితే ఓ పెద్దాయన మెట్ల మీద పడి పళ్ళూడగొట్టుకున్నాడు. సినిమా తీసినాయన బానే ఉన్నాడు, నన్ను మాత్రం ఆఫీసుకి పిలిచారు. అప్పట్నించీ నాదొకటే లెక్క. తెర నల్లబడిందా, లైటేసేస్తా."

"ఒక్క నిమిషమే అన్నా."

"పళ్ళూడటానికి నిమిషమెందుకు సార్."

ఈ తర్కమునకు తిరుగులేదు. "కనీసం మీ పక్కన నుంచోనివ్వండి" అని వీరుడు వేడెను. "నుంచోండి, దేన్నీ ముట్టుకోవద్దు" అని అభయము లభించెను. రాయబారము విఫలమైనది గనుక యుద్ధము అనివార్యమయ్యెను. వీరుడు సేనను సమీకరించెను. సేన యనగా బావగారు.

"నువ్వు తలుపు దగ్గరుండు బావా. చీకటి పడ్డాక ఎవర్నీ తలుపు తియ్యనివ్వకు. వరండా లైటు తెర మీద పడితే అంతా పోతుంది."

"ఎవరైనా వెళ్తానంటే?"

"ఇంకా ఉందని చెప్పు."

"ఉందా?"

"బావా."

"సరే సరే, ఉంది."

అట్లు వ్యూహము పన్నబడెను. తలుపుకడ బావగారు, నడిమివరుసలో అక్కగారు, ముందువరుసలో మైకును ఒడిలో పసిబిడ్డవలె పరుండబెట్టుకొని మహావిమర్శకుడు, వెనుకవరుసలో గురకకు సిద్ధపడిన ఇద్దరు, అక్కడక్కడ ఏడెనిమిదిమంది, వారిలో ఒకడు పెద్ద నీళ్ళసీసా ఖాళీచేసినవాడు. సినిమా మొదలయ్యెను. చేతులు కుట్టెను, కత్తిరించెను, దారము కొరుకుటకు తెర అంచు దాటి పైకి పోయి మరల దిగివచ్చెను. కొందరు నిద్రించిరి, కొందరు నిజముగానే చూచిరి. ప్రొజెక్టరు గది చిన్నకిటికీలోనుండి చిన్నోడు తెరను చూడలేదు, అక్క తలవెనుక భాగమునే చూచుచుండెను. ఆ తల ఒక్కమారైనను పక్కకు తిరుగలేదు.

అంతట తెర నల్లబడెను.

ఆహా, ఏమని వర్ణింతును ఆ అంధకారమును. కన్ను పొడుచుకున్నను కానరాని ఆ కారుచీకటిలో మొట్టమొదట వెనుకవరుసలో గురకపెట్టువాడు ఉలిక్కిపడి లేచి, తాను నిద్రించితినని ఎవరికిని తెలియకుండుటకై ఫెళఫెళమని చప్పట్లు కొట్టెను. ఆ శబ్దము దీపాధీశ్వరుని చెవి సోకెను, ఆయన కుడిచేయి అలవాటుగా స్విచ్చివైపు పోయెను. పోవు ఆ చేతిని, గాలిలోనే, మణికట్టుకడ, చిన్నోడు రెండుచేతుల ఒడిసిపట్టెను. పూర్వము ఏనుగులు తొండము తొండము మెలివేసికొని పోరెడివట. వీరు అంతకంటె మర్యాదగా పోరిరి.

"సార్, చెయ్యి వదలండి."

"వదులుతానన్నా. ఒక్క క్షణం."

"ఎవరైనా పడితే?"

"పడరు. అందరూ కూర్చునే ఉన్నారు."

"చీకట్లో మీకెట్లా తెలుసు?"

ఆపరేటరు ఎడమచేయి ప్రయోగించెను. చిన్నోడు దానికి భుజమడ్డుపెట్టెను. బల్లమీది ఖాళీ టీగ్లాసు క్రిందపడి పగిలి, ఆ యుద్ధమున నేలకొరిగిన ఏకైక యోధుడయ్యెను. ఇరువురు ఆయాసపడుచు, ఒకరి కాలొకరు తొక్కుచు, తొక్కినప్పుడెల్ల సారీ చెప్పుకొనుచు, స్విచ్చికి జానెడు దూరమున ఊగిసలాడిరి.

క్రింద రెండవ రణరంగమున నీళ్ళసీసా ఖాళీచేసినవాడు తడుముకొనుచు తలుపుకడకు చేరెను. చీకటిలో అతని చేతికి తలుపుగడియ తగులలేదు, బావగారి పొట్ట తగిలెను.

"కొంచెం జరగండి, బయటికెళ్ళాలి."

"ఇంకా ఉందండి."

"నాకర్జెంటు."

"నాకూ అర్జెంటేనండి."

"మరి మీరూ రండి, పోదాం."

"ఆ అర్జెంటు కాదండి."

ఈ రెండు సీమలను వీరుడు, వీరుని సేన ఎట్లో నిలిపియుంచగా, ఎవ్వరును కావలియుంచని మూడవదిక్కున ప్రమాదము తలయెత్తెను. మహావిమర్శకుడు లేచెను. దీపములు వెలుగుటకు నిరీక్షింపవలసిన పని మేధావులకేల? ఫోనుదీపము గడ్డము క్రింద పట్టుకొని, సగము ముఖము వెలుగగా సగము మఫ్లరు మెరయగా, తెరముందు నడిమధ్యకు వచ్చి నిలిచి, మైకును ఊది, గంభీరస్వరమున ఉపన్యసింపసాగెను.

"మిత్రులారా. ఈ అంధకారమే ఆమె ముఖం. ఈ శూన్యమే ఆమె చిరునామా. యుగయుగాలుగా కుట్టిన చేతులున్నాయి, నవ్విన పెదవులు లేవు. ఈ దర్శకుడు మహా నిర్దయుడు. ఆ దయలేనితనమే అతని కళ. మనం ఎంత వెదికినా, ఎంత వేడుకున్నా, ఆ ముఖం ఈ తెర మీద ఎన్నటికీ..."

ప్రొజెక్టరు గదిలో చిన్నోడు దిగాలుపడెను. పరుగెత్తి ఆయనను పక్కకు లాగుదమన్న రెండుచేతులును ఆపరేటరు చేతిపైనే యుండె. చేయి వదలినచో దీపము వెలుగును, వదలకున్నచో అక్క నవ్వు ఈ ఉపన్యాసము క్రింద నలిగిపోవును. అక్కా, నన్ను క్షమించమని లోలోన అనుకొనెను. అప్పటికి కన్నీళ్ళు వచ్చుటయొక్కటే తక్కువ.

"...ఎన్నటికీ కనపడ..."

కరెంటు వచ్చెను.

తెర ఈ చివరనుండి ఆ చివరవరకు అక్క ముఖము. కొట్టులో బల్బు వెలుతురులో తలయెత్తి, కన్నులు చిట్లించి, పై పలువరుస అంతయు కనపడునట్లు ఆమె పకపక నవ్వెను. ఆ నవ్వు తెరనిండి పొంగి, తెరముందు నిలిచిన మహావిమర్శకునిపై కూడ పడెను. ఆయన నుదుట ఒక పన్ను, మఫ్లరుపై అక్క క్రిందిపెదవి వచ్చి నిలిచెను. 'దు' అను అక్షరము ఆయన గొంతులోనే ఆగిపోయెను. వెనుకకు తిరిగి చూచెను. అంత దగ్గరనుండి అంత పెద్ద నవ్వును ఆయన జీవితమున చూచియుండడు. మైకు ఇంకను నోటిముందే యుండుటచే "అమ్మో" అను మాట హాలంతయు వినబడెను. దానితో హాలు గొల్లుమనెను. నిద్రించువారు లేచి నవ్విరి, ఎందుకో తెలియకయే నవ్విరి.

తలుపుకడ బావగారు, అర్జెంటువాని భుజము పట్టుకొని తెరవైపు తిప్పి, "అదిగో, మా ఆవిడ" అనెను.

"బాగున్నారండీ," అని ఆ మనిషి మనస్ఫూర్తిగానే చెప్పి, "ఇప్పుడు వెళ్ళొచ్చా?" అని అడిగెను.

పైన, కిటికీకడ, ఆపరేటరు పోరు మాని తెరవైపు చూచుచుండెను.

"ఎవరు సార్ ఆవిడ?"

"మా అక్క."

"ఆ మాట ముందే చెప్పొద్దా," అని ఆపరేటరు తన చేతిని స్విచ్చికడనుండి వెనుకకు తీసికొని, పీటపై కూర్చుండి, ఒడిలో పెట్టుకొనెను. నవ్వు ముగిసి తెర మరల నల్లబడినపిదప కూడ, ఎవ్వరును అడుగకున్నను, కొంతసేపు అట్లే ఉంచి, మెల్లగా, ఒక్కొక్కటిగా దీపములు వెలిగించెను.

చిన్నోడు మెట్లు దూకి క్రిందికి వచ్చుసరికి మహావిమర్శకుడు మఫ్లరు సర్దుకొని తేరుకొనియుండెను. మైకు చిన్నోడి నోటికడ పెట్టి, అనుమానముగా, కొంత ఆశగా కూడ అడిగెను.

"ఈ ముఖం... ఇప్పుడు కొత్తగా కలిపారు కదూ?"

ఇదియే అసలు పోరు. ఔనని ఒక్క తలయూపు చాలును. గాజుబహుమతి టీవీ పక్కనే నిలుచును, వ్యాసము నిలుచును, రాబోవు పిలుపులు నిలుచును. హృదయకుహరమున ఈసారి ఏ గర్జనయు మ్రోగలేదు. చిన్నోడు నడిమివరుసలోనికి చూచెను. అక్క కళ్ళజోడు తీసి, అద్దములు తుడిచి, మరల పెట్టుకొని, అప్పటికే ఖాళీయైన తెరవైపు చూచుచుండెను.

"లేదండి. మొదట్నించీ ఉంది. ప్రతిసారీ లైట్లు ముందే వేసేశారు. బహుమతి ఇచ్చినప్పుడు నేను నోరు మూసుకున్నాను. అది తప్పు."

మహావిమర్శకుడు మైకు వెనుకకు తీసికొని "ధన్యవాదాలు" అని కూర్చుండెను. అక్క లేచి వచ్చి తమ్ముని భుజముపైనున్న దుమ్ము దులిపెను. అక్కడ దుమ్ము లేదు.

"పళ్ళు మరీ అంత కనపడ్డాయేంట్రా."

"బాగున్నావక్కా."

"ఊరుకో," అనెను గాని ఆమె ఇంటికి చేరువరకు ఆ పళ్ళ సంగతియే నాలుగైదుమార్లు ఎత్తెను.

వారము తిరుగకుండ బహుమతిని వెనుకకు పంపవలసినదిగా కబురు వచ్చెను, చిన్నోడు పాతచొక్కాలో చుట్టి పంపెను. మహావిమర్శకుని సమీక్షయు వెలువడెను. కొట్టులో చిన్నోడు దానిని చదువుచుండగా అక్క సూదిలో దారమెక్కించుచు వినెను.

"'చివరి క్షణంలో ముఖం చూపించి దర్శకుడు తన సాహసానికి తానే నీళ్ళొదిలాడు. ఆ నవ్వు చాలా పెద్దది, పూర్తిగా అనవసరమైనది.'"

చిన్నోడు తలవంచుకొని కూర్చుండెను. అక్క దారము ముడివేసి, కొరికి, మరియొకమారు చదువుమని చేయి ఊపెను. అతడు చదివెను.

"చాలా పెద్దది అన్నాడా?"

"అన్నాడక్కా."

"అంటే సరిగ్గా చూశాడన్నమాట," అని ఆమె మరియొకరి ప్యాంటు అందుకొనెను.

కావున, ఓ జనులారా, నలుదిక్కులను చాటుడు. కోట కూలలేదు, రాజ్యము దక్కలేదు, ఉన్న ఒక్క బహుమతియు పోయెను, ఒక టీగ్లాసు పగిలెను. ఐనను ఒకానొక మధ్యాహ్నమున, మరుగుదొడ్ల ముందరి చిన్న హాలునందు, పదిమంది కంటబడునట్లుగా, ఒక నవ్వు నవ్వినంతసేపు, ఒక అక్క ముఖము తెరమీద కనపడెను. చిన్నోడు గెలిచెను.